పలాస జీడిపప్పు కార్ఖానా బెనిన్ దాకా వెళ్ళవచ్చా? అక్కడి రాజకీయ వ్యవస్థను ఎలా తూకం వేయాలి?

ఉద్దానం కుర్రాడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది పలాస దగ్గర పల్లె. మా నాన్నగారు ముప్పై ఏళ్ళ క్రితం పది మంది పనివాళ్ళతో మొదలుపెట్టిన జీడిపప్పు కార్ఖానాను ఇప్పుడు నేనూ, మా చిన్నాన్నగారి అబ్బాయీ నడుపుతున్నాం. మా ఉద్దానం ప్రాంతపు పిక్క, అంటే ముడి జీడి గింజ, మాకు ఏడాదిలో కొన్ని నెలలకే సరిపోతుంది. మిగతా రోజుల్లో మా బాయిలరు వెలగాలంటే ఓడలో ఆఫ్రికా పిక్క రావలసిందే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తోటలను పడగొట్టిన తర్వాత ఈ ఆధారం మరింత పెరిగింది.

మేము ఎక్కువగా కొన్నది పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్ పిక్క. 80 కిలోల బస్తాకు వచ్చే పప్పు తూకం మాకు ఏ ఏడాదీ పెద్దగా తేడా రాలేదు, గుండ్లు, అంటే విరగని పప్పు, కూడా బాగానే వచ్చేవి. అయితే ముడి పిక్కను దేశం దాటించడాన్ని 2024 ఏప్రిల్ 1 నుంచి ఆపివేయాలని అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది. పిక్క కావాలంటే అక్కడికే వచ్చి, కొట్టి పప్పు తీసి పట్టుకెళ్ళమని దాని భావం. అందుకోసం కొటోనూ నగరానికి 45 కిలోమీటర్ల దూరాన గ్లో-జిగ్బే అనే చోట పారిశ్రామిక వాడ కట్టారు. మాకు సరుకు పంపే దళారి ఆ వాడలో షెడ్డు అద్దెకు ఇప్పిస్తానని, అనుమతులన్నీ ఒకే కిటికీ దగ్గర అయిపోతాయని చెబుతున్నాడు.

మా తమ్ముడికి ఆ మాట అమృతంలా వినబడుతోంది. ఇక్కడ షెడ్డు పొడిగింపు కాగితం కోసం ఒక కార్యాలయం చుట్టూ పద్నాలుగు నెలలు తిరిగినవాడు కనుక వాడిని తప్పు పట్టలేను. నాన్నగారు మాత్రం ససేమిరా అంటున్నారు. 2025 డిసెంబరు 7న బెనిన్‌లో కొందరు సైనికులు టెలివిజన్‌లో కనిపించి ప్రభుత్వాన్ని దించేశామని ప్రకటించడం, ఆ రోజే ఆ ప్రయత్నం విఫలం కావడం ఆయన ఫోనులో చూశారు. ఒకే కిటికీలోంచి ఇచ్చినవాడు ఆ కిటికీలోంచే లాక్కుంటాడని ఆయన వాదన.

ఒక దేశపు రాజకీయ వ్యవస్థ బయటినుంచి వచ్చిన వ్యాపారిని, అందులోనూ రోజుకు నలభై బస్తాలు ఆడించే మాలాంటి చిన్నవాళ్ళను నిజంగా ఎంతవరకు తాకుతుంది? వెళ్ళేముందు ఏమి చూసుకోవాలి? పెద్ద కంపెనీల కథలు చదివాను కానీ అవి మా కొలతకు సరిపోతాయో లేదో తెలియడం లేదు.

గంటస్తంభం:

బాబూ, నేను విజయనగరంలో కామర్సు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీ నాన్నగారూ, మీ తమ్ముడూ ఎదురుబొదురుగా నిలబడినా ఇద్దరి ప్రశ్నా ఒక్కటే: అక్కడ పది మంది కలిసి పాలిస్తున్నారా, ఒక్కడే పాలిస్తున్నాడా అని. వ్యాపారికి ఇంతకంటే పనికొచ్చే ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఈ రోజు మీకు అనుకూలంగా ఉన్న నిబంధన రేపు మారాలంటే ఎంతమంది సంతకాలు కావాలి? మారబోతున్న సంగతి మీకు ఎన్ని రోజుల ముందు తెలుస్తుంది? మారాక నష్టపోయినవాడు మొర పెట్టుకోవడానికి పాలకుడి కింద లేని చోటు ఏదైనా ఉందా? ఈ మూడింటికీ జవాబు దొరికితే ఆ దేశానికి ఏ పేరు పెట్టినా ఒకటే.

మనల్ని మనం విదేశీ కంపెనీగా ఊహించుకోవడం మనకు అలవాటు లేదు. అందుకే ముందు మన గుమ్మం తొక్కినవాళ్ళ అనుభవం చూడండి. విదేశీ వాటాను చాలా రంగాల్లో 40 శాతానికి దించుకోవాలన్న చట్టం 1973లో కాంగ్రెస్ ప్రభుత్వం తెచ్చింది. దాన్ని గట్టిగా అమలు చేసి 1977లో కోకాకోలాను సాగనంపినది ఆ కాంగ్రెస్‌ను ఓడించి వచ్చిన జనతా ప్రభుత్వం. మరుసటి ఏడాది ఐబీఎం కూడా వెళ్ళిపోయింది. ఎన్నికల్లో పాలకులు మారితే తమ కష్టం తీరుతుందని ఎదురుచూసినవాళ్ళకు అందులో ఒక పాఠం ఉంది. పార్టీలు ఒకరినొకరు తిట్టుకుంటున్నా విదేశీ పెట్టుబడి విషయంలో అప్పట్లో వాళ్ళ మనసులు ఒక్కటే. కోకాకోలా మళ్ళీ 1993లో గానీ రాలేదు, అదీ 1991 సంస్కరణలు తలుపు తెరిచాక.

మహారాష్ట్రలోని దభోల్ విద్యుత్ కేంద్రం సంగతి ఇంకా చెప్పుకోదగినది. 1993 డిసెంబరులో అమెరికా ఎన్రాన్ వాళ్ళ కంపెనీకీ, మహారాష్ట్ర విద్యుత్ బోర్డుకూ ఒప్పందం కుదిరింది. 1995లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, ఆ ఏడాదే కొత్త ప్రభుత్వం ఒప్పందాన్ని రద్దు చేసింది, మళ్ళీ బేరాలాడి కొద్ది నెలల్లోనే వేరే షరతులతో ఒప్పుకుంది. 1996 మేలో పదమూడు రోజులే ఉన్న కేంద్ర ప్రభుత్వం దానికి హామీ ఇచ్చి దిగిపోయింది. ఇంతా చేసి 2001లో బోర్డు కరెంటు కొనడం ఆపేసింది. ఆ కరెంటు ధర మనకు గిట్టేదా అన్నది వేరే చర్చ, నా మట్టుకు నాకు గిట్టేది కాదనే అనిపిస్తుంది. ఇక్కడ చూడవలసింది ఏమిటంటే, ఢిల్లీలో అనుమతి పట్టినవాడు దేశమంతా గెలిచానని అనుకున్నాడు. మన రాజ్యాంగంలో భూమి రాష్ట్రానిది, శాంతిభద్రతలు రాష్ట్రానివి, విద్యుత్తు ఇద్దరిదీ. సమాఖ్య దేశంలోకి వచ్చే వ్యాపారి రెండు గుమ్మాలకు తోరణం కట్టాలి.

2012లో బహుళ బ్రాండ్ల చిల్లర వ్యాపారంలో 51 శాతం విదేశీ పెట్టుబడికి కేంద్రం ఒప్పుకున్నప్పుడూ ఇదే జరిగింది. రానివ్వాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టానికి వదిలారు. ఒప్పుకున్న ఢిల్లీ రాష్ట్రం 2014లో ప్రభుత్వం మారగానే వెనక్కి తగ్గింది. ఆ నిర్ణయం మీదే ఒక మిత్రపక్షం కేంద్రానికి మద్దతు ఉపసంహరించుకుంది. మొదట పది లక్షల జనాభా దాటిన నగరాలకే పరిమితమన్నారు కనుక మన విజయనగరానికీ శ్రీకాకుళానికీ ఆ గొడవే అంటలేదనుకోండి.

ఇక వొడాఫోన్. 2007లో ఆ కంపెనీ ఇక్కడి ఫోను వ్యాపారాన్ని కొన్నందుకు సుమారు 11,000 కోట్ల పన్ను అడిగారు. 2012 జనవరిలో సుప్రీంకోర్టు కంపెనీ పక్షాన తీర్పు చెప్పింది. అదే ఏడాది పార్లమెంటు పాత తేదీనుంచి వర్తించేలా చట్టాన్నే సవరించింది. 2020లో అంతర్జాతీయ మధ్యవర్తుల దగ్గర కంపెనీ గెలిచింది, 2021 ఆగస్టులో మనమే ఆ సవరణను తీసేశాం. ఓటూ ఉంది, కోర్టూ ఉంది, పత్రికలూ ఉన్నాయి. అయినా తేలడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. అయితే తేలింది. వొడాఫోన్‌కు పద్నాలుగేళ్ళు ఆగే స్తోమత ఉంది, మీకు పద్నాలుగు నెలలు కూడా కష్టం. మీ కొలతకు ఈ కథలు సరిపోతాయా అని మీరు అడిగిన అసలు చోటు ఇదే.

రెండో వైపు కూడా చూడండి. వియత్నాంలో ఒకే పార్టీ. 1986లో ఆర్థిక విధానం మార్చుకుని, 1987 డిసెంబరులో విదేశీ పెట్టుబడి చట్టం తెచ్చుకున్నారు. నాయకులు మారుతూ వచ్చారు గానీ తలుపు మూయలేదు. ఇప్పుడు పప్పు ఎగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానం వాళ్ళదే, మీకు వేరే చెప్పనక్కరలేదు. చైనాలో 1994 నుంచి కార్ల తయారీకి వచ్చిన విదేశీయుడు సగానికి మించి వాటా పెట్టుకోకుండా స్థానిక కంపెనీతో పొత్తు పెట్టుకోవలసి వచ్చేది. ఆ షరతు ప్రయాణికుల కార్లకు పూర్తిగా తొలగినది 2022లో. అది కఠినమైన నిబంధనే, కానీ పాతికేళ్ళు నిలబడిన కఠినమైన నిబంధన. దాన్ని లెక్కలో వేసుకుని వెళ్ళినవాడు వెళ్ళాడు, గిట్టదనుకున్నవాడు మానుకున్నాడు.

రణస్థలం:

మాస్టారూ, మీ లెక్కలో చిన్న పొరపాటు ఉందని మనవి చేస్తున్నాను. సంతకాలు ఎక్కువైన కొద్దీ భద్రత ఎక్కువని మీ మాటల్లో ధ్వనిస్తోంది. మా మండలంలోనే అణు విద్యుత్ కేంద్రం వస్తుందన్న కొవ్వాడ ఉంది. పైడిభీమవరంలో ఉద్యోగానికి రోజూ జాతీయ రహదారి మీదే వెళ్తాను కనుక ఆ పేరున్న బోర్డును చూడని రోజు లేదు.

2008లో అమెరికాతో అణు ఒప్పందం కుదిరింది. కొవ్వాడలో అమెరికా రియాక్టర్లు పెట్టాలని అనుకున్నారు. మొదట ఒక అమెరికా కంపెనీ పేరు వినిపించింది, తర్వాత గుజరాత్‌లో పెట్టవలసిన వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు ఆరింటిని ఇటు మళ్ళించారు, ఒక్కొక్కటి 1,208 మెగావాట్లు. మధ్యలో 2010లో పార్లమెంటు అణు ప్రమాద బాధ్యత చట్టం చేసింది. ప్రమాదం జరిగితే రియాక్టరు నడిపే సంస్థ, పరికరం అమ్మిన కంపెనీ మీదికి కూడా వెళ్ళవచ్చునన్న 17వ సెక్షన్ అందులో ఉంది. ఆ ఏడాది జూన్‌లోనే భోపాల్ కేసు తీర్పు వచ్చి, అంతమంది చనిపోయిన ప్రమాదానికి రెండేళ్ళ శిక్షా అని దేశం మండిపడుతోంది. ప్రతిపక్షాలు పట్టుబట్టాయి, ప్రభుత్వం తలవంచింది. అమ్మేవాళ్ళు ఆ సెక్షన్ చూసి వెనకడుగు వేశారు. 2017లో వెస్టింగ్‌హౌసే దివాలా రక్షణ కోరింది. 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త అణు చట్టం చేసేదాకా పాత సెక్షన్ అలాగే నిలిచింది.

ఇందులో ఎవరూ దుర్మార్గులు కారు. భోపాల్ చూసిన దేశం అలాంటి చట్టం చేసుకోవడం నా దృష్టిలో న్యాయమే. కానీ పదిహేనేళ్ళపాటు కంపెనీ రాలేదు, వద్దని ఎవరూ చెప్పనూ లేదు. కట్టుకోవాలో కదలాలో తెలియక ఇంటికి సున్నం వేయించడం కూడా మానుకున్న కుటుంబాలు ఆ మత్స్యకార గ్రామాల్లో ఉన్నాయి. సంతకాలు ఎక్కువున్న చోట చెడ్డ నిర్ణయం తొందరగా రాదన్నది నిజమే, అసలు ఏ నిర్ణయమూ రాకపోవడం కూడా ఒక నష్టమే కదా. అద్దె కడుతూ, వడ్డీ కడుతూ ఎదురుచూసే చిన్న వ్యాపారికి ఆ నష్టం ముందు తగులుతుంది. ఉద్దానం మిత్రుడి తమ్ముడు ఒకే కిటికీ అంటే మురిసిపోవడంలో తెలివితక్కువతనమేమీ లేదు.

సోంపేట బీల:

పుస్తకంలో చదివింది కాదు, నేను చూసింది చెబుతాను. 2016 నుంచి 2019 దాకా టాంజానియా దక్షిణాన మ్ట్వారాలో పిక్క కొనే ఒక సంస్థలో గోదాముల లెక్కలు చూశాను. సంస్థ పేరు ఇక్కడ అనవసరం.

టాంజానియా సైనిక నియంతృత్వం కాదు. అక్కడ ఎన్నికలున్నాయి, పార్లమెంటుంది, స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి అధికారం ఒకే పార్టీ వారసత్వంలో ఉన్నా రాష్ట్రపతులు గడువు తీరగానే దిగిపోతారు. పిక్క కొనుగోలు కూడా మన సంతలా కాదు. రైతు సరుకును సహకార సంఘానికి ఇస్తాడు, సంఘం గోదాములో పెట్టి రసీదు రాస్తుంది, వేలంపాటలో మేము రాసి ఇచ్చిన ధర నచ్చితే అమ్ముతారు. కాగితం మీద ఇంతకంటే మంచి పద్ధతి నేను మన పలాసలోనూ చూడలేదు.

2018లో ప్రపంచ ధర పడిపోయింది. మేము తక్కువ ధర రాశాం, అందరూ అలాగే రాశారు. అంతకుముందు ఏడాది మంచి ధర చూసిన రైతులు అమ్మబోమన్నారు. వాళ్ళ బాధా అబద్ధం కాదు. నవంబరులో వ్యవసాయ మంత్రినీ, వాణిజ్య మంత్రినీ తొలగించారు. కిలోకు 3,000 షిల్లింగులకు తగ్గకుండా ఎంత కొంటారో చెప్పమని వ్యాపారులకు ఇచ్చిన గడువు రోజుల్లో ఉంది, వారాల్లో కాదు. గడువు ముగిసిన రోజే, నవంబరు 12న, రాష్ట్రపతి మగుఫులి మొత్తం పంటను ప్రభుత్వమే 3,300 షిల్లింగులకు కొంటుందనీ, సరుకును సైన్యం తరలిస్తుందనీ ప్రకటించారు.

మరునాటి నుంచి నాకు గుర్తున్న దృశ్యం ఒక్కటే. మా గోదాము గుమ్మం ముందు కొత్త గోనె సంచుల బేళ్ళు ఇనప పట్టీ కూడా తెంచకుండా కప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఎదురు రోడ్డు మీద ఆకుపచ్చ సైనిక ట్రక్కులు వరసగా సంఘాల గోదాముల వైపు పోతున్నాయి. మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు, తాళం పగలగొట్టలేదు, పైసా జప్తు చేయలేదు. కొనడానికి సరుకు లేదు, అంతే. బుక్ చేసిన కంటైనర్ల సొమ్ము పోయింది, గోదాము అద్దె ఏడాదికి ముందే కట్టాం, బ్యాంకు వడ్డీ ఆగదు. అదే నెలలో ఇంటికి ఫోను చేస్తే తిత్లీకి మా తోటలో మిగిలిన చెట్లెన్నో నాన్న వేళ్ళ మీద లెక్కపెట్టి చెబుతున్నారు. ఇక్కడా పిక్క లేదు, అక్కడా లేదు.

ప్రభుత్వానికీ మేలు జరగలేదు. అంత సరుకు ఎవరికి అమ్మాలో తెలియక, ఒక కెన్యా కంపెనీతో లక్ష టన్నులకు చేసుకున్న ఒప్పందాన్ని కొద్ది నెలలకే రద్దు చేసుకుని, చివరికి తగ్గించి అమ్ముకున్నారు. 2021లో మగుఫులి చనిపోయారు, తర్వాత వచ్చిన రాష్ట్రపతి వ్యాపారులతో మెత్తగా ఉన్నారన్న పేరు తెచ్చుకున్నారు. ఆ మెత్తని ప్రభుత్వమే 2025 జులైలో విదేశీయులు చేయకూడని పదిహేను వ్యాపారాల జాబితా విడుదల చేసింది. పొలం దగ్గర పంట కొనడం అందులో ఒకటి. కనుక మనిషి స్వభావాన్ని చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. ఒక్క ఉత్తర్వుతో అయిపోయే వీలు ఆ వ్యవస్థలో ఉన్నంత కాలం ఎవరు కూర్చున్నా అది చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది.

బెనిన్ సంగతికి వస్తే, ముడి పిక్క ఆపుతున్నామని వాళ్ళు 2022లోనే చెప్పారు, అమలు తేదీ 2024 ఏప్రిల్. అది వినడానికి చేదు కబురే అయినా చేతిలో రెండు పంటల గడువు ఉంది. మ్ట్వారాలో మాకు దొరికినది కొద్ది రోజులు. గంటస్తంభం మాస్టారు చెప్పిన రెండో ప్రశ్న విలువ నాకు బాగా తెలుసు.

గంటస్తంభం:

రణస్థలం గారి దిద్దుబాటును ఒప్పుకుంటున్నాను. నేను భద్రత అన్న చోట నిదానం అని ఉండవలసింది.

బెనిన్ గురించి ఒక మాట. ఆఫ్రికా ఖండంలో గద్దె మీదున్న రాష్ట్రపతి ఎన్నికలో ఓడి ప్రశాంతంగా దిగిపోవడమన్న ముచ్చట 1991లో అక్కడ జరిగింది. ఆ దేశాన్నే 2016 నుంచి పత్తి వ్యాపారంలో పెద్దవాడైన తలోన్ పాలించారు. 2019 శాసనసభ ఎన్నికల్లో ఒక్క ప్రతిపక్ష పార్టీ కూడా బరిలో లేకుండా పోయింది. పారిశ్రామిక వాడలు, ఎగుమతి నిషేధాలు ఆ పాలనలోనే అంత వేగంగా వచ్చాయి. వేగానికీ, ఎదురు చెప్పేవాడు లేకపోవడానికీ ఉన్న చుట్టరికం మీకు కనిపిస్తూనే ఉంటుంది. మీ తమ్ముడికి నచ్చినదీ, మీ నాన్నగారిని భయపెట్టినదీ ఒకటే వస్తువు.

అదే పశ్చిమ ఆఫ్రికాలోని కోట్ డివార్ ఇంకో రకం. 2010 నవంబరు ఎన్నికల తర్వాత ఇద్దరు నేనంటే నేనని రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. 2011 జనవరిలో ఒకాయన కోకో ఎగుమతులు ఆపమన్నారు, ఓడరేవులూ కస్టమ్సూ రెండో ఆయన చేతిలో ఉన్నాయి. ఫిబ్రవరిలో బ్యాంకులు మూతపడ్డాయి. సరుకు గోదాములో ఉంది, పన్ను ఎవరికి కట్టాలో తెలియదు, ఒకరికి కడితే రెండో వాడికి ద్రోహి. అక్కడ చట్టం ఏమంటోందన్నది ప్రశ్నే కాకుండా పోయింది. గద్దె చేతులు మారే పద్ధతి మీద అందరికీ నమ్మకం ఉందా అన్నది అందుకే నాలుగో ప్రశ్నగా చేర్చుకోండి.

ఏడు రోడ్లు:

శ్రీకాకుళంలో ఆడిటర్‌గా పనిచేస్తున్నాను. పై వాళ్ళంతా అక్కడి రాజకీయం మాట్లాడారు, ఇక్కడి రాజకీయం ఎవరూ ముట్టుకోలేదు. ఉద్దానం మిత్రమా, అక్కడ తీసిన పప్పును ఎక్కడ అమ్ముతారు? పలాస బజారుకే తెద్దామన్న ఆలోచన ఉంటే ఆగండి. 2019 జూన్‌లో మన ప్రభుత్వం దిగుమతి పప్పుకు కనీస ధరను పెంచింది, కిలోకు ముక్కలకు 680 రూపాయలు, గుండ్లకు 720 చేసింది. ఆ తర్వాతి నెల బడ్జెట్‌లో పప్పు మీద సుంకాన్ని 45 నుంచి 70 శాతానికి పెంచారు. ముడి పిక్క మీద సుంకాన్ని మాత్రం అంతకుముందు ఏడాది 5 నుంచి 2.5 శాతానికి తగ్గించారు. పిక్కను రానిచ్చి పప్పును ఆపే ఈ గోడ మన జీడిపప్పు పరిశ్రమ కోరుకున్న గోడే. ఆ వినతి పత్రాల మీద మీ నాన్నగారి సంతకం కూడా ఉండే ఉంటుంది! ఇప్పుడు మీరు గోడకు అవతలి వైపు నిలబడబోతున్నారు. పేద దేశాలకు మనమిచ్చే సుంకం రాయితీ మీ సరుకుకు వర్తిస్తుందా అన్నది మీ కస్టమ్స్ ఏజెంటు చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. అందాకా అమెరికా, ఐరోపా కొనుగోలుదారుల ధరతోనే లెక్క వేసుకోవాలి.

మొర పెట్టుకునే చోటు గురించి మాస్టారు అడిగిన మూడో ప్రశ్నకు బెనిన్ విషయంలో కొంత మంచి జవాబు ఉంది. ఆ దేశం ఒహాడా అనే కూటమిలో సభ్యురాలు. పశ్చిమ, మధ్య ఆఫ్రికాలోని 17 దేశాలు కంపెనీ చట్టాన్నీ, తాకట్టు చట్టాన్నీ, మధ్యవర్తిత్వ చట్టాన్నీ ఉమ్మడిగా రాసుకుని, వాటి మీద తుది తీర్పు చెప్పే కోర్టును అబిజాన్‌లో పెట్టుకున్నాయి. అంటే కొటోనూలో ప్రభుత్వం మారినా మీ కంపెనీ చట్టం ఒక్క రాత్రిలో మారదు. అలాగే అక్కడి ఫ్రాంక్ విలువ యూరోకు 655.957 దగ్గర కట్టివేసి ఉంది. దాన్ని కొటోనూ ఒక్కటే కదపలేదు, ఉమ్మడి కేంద్ర బ్యాంకు చేతిలో ఉంది. కానీ ఎగుమతి నిషేధం, పిక్కకు కనీస ధర, పన్ను మినహాయింపు, వాడలో అద్దె, ఈ నాలుగూ పూర్తిగా అక్కడి ప్రభుత్వం చేతిలోవే. మిమ్మల్ని ముంచినా తేల్చినా ఆ నాలుగే.

మన ప్రభుత్వం అండగా ఉంటుందన్న ఆశను కొంచెం తగ్గించుకోండి. వొడాఫోన్ లాంటి కంపెనీలు మన మీద అంతర్జాతీయ మధ్యవర్తుల దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాక, 2016 నుంచి మన దేశమే చాలా దేశాలతో ఉన్న పాత పెట్టుబడి రక్షణ ఒప్పందాలను రద్దు చేసుకుంటూ వచ్చింది. మనలోకి వచ్చేవాళ్ళ నుంచి ఖజానాను కాపాడుకోవడానికి చేసిన పని, బయటికి వెళ్ళే మీలాంటివాళ్ళ గొడుగును కూడా మూసింది. ఆ లోటును కొంత పూడ్చేది బీమా. యుద్ధం, ప్రభుత్వ స్వాధీనం, డబ్బు బయటికి పంపనివ్వకపోవడం లాంటి ప్రమాదాలకు మన కేంద్ర ప్రభుత్వ ఎగుమతి బీమా సంస్థ ఈసీజీసీ విదేశీ పెట్టుబడి బీమా ఇస్తుంది. ప్రపంచ బ్యాంకు కుటుంబంలోని మిగా కూడా ఇస్తుంది గానీ మీ పరిమాణానికి ఈసీజీసీయే దగ్గర దారి. మ్ట్వారా మిత్రుడు చెప్పిన కథను ఒకసారి మళ్ళీ చదవండి. అక్కడ స్వాధీనం జరగలేదు, సరుకు దొరకలేదంతే. అలాంటి నష్టం బీమా కాగితంలోని స్వాధీనం అన్న మాట కిందికి వస్తుందా అని సంతకానికి ముందే అడగాలి.

డబ్బు పంపడానికి 2022 ఆగస్టులో వచ్చిన విదేశీ పెట్టుబడి నియమాలు వర్తిస్తాయి. మీది నమోదైన భాగస్వామ్య సంస్థ అయితే నికర విలువకు నాలుగు రెట్ల వరకు బ్యాంకు ద్వారా నేరుగా పంపవచ్చు. అంత పంపమని నా సలహా మాత్రం కాదు.

ఉద్దానం కుర్రాడు:

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఇవన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. ఆడిటరు గారి వినతి పత్రం మాట దగ్గర ఆయన నవ్వారు, సంతకం నిజమేనట.

మా తమ్ముడితో మాట్లాడాక ఒక మధ్యే మార్గం అనుకుంటున్నాం. షెడ్డు అద్దెకు తీసుకుని యంత్రాలు పంపే బదులు, వాడలో ఇప్పటికే నడుస్తున్న ఒక కార్ఖానాకు కూలి కట్టి, మా పేరు మీద ఒక్క పంట కాలం ఆడిద్దామని ఆలోచన. పిక్క కొట్టి, ఆరబెట్టి, పొర తీయకుండా ఆపడమా, సైజును బట్టి డబ్ల్యూ 320, 240 గ్రేడ్లుగా వేరు చేసి డబ్బాల్లో నింపడం దాకా వెళ్ళడమా అన్నది ఇంకా తేలలేదు. ఏది చేసినా పోగొట్టుకునేది ఒక పంట సొమ్ముకు మించకూడదని నాన్నగారి షరతు. బీల గారూ, మీరు మ్ట్వారాలో ఉండగా ఇలా కూలికి ఆడించినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

సోంపేట బీల:

ఉన్నారు. అందరిలోకి తక్కువ నష్టపోయింది వాళ్ళే. కానీ నిబంధన మారి పిక్క కరువైనప్పుడు కార్ఖానా యజమాని ముందు తన సొంత పిక్క ఆడించుకుని, వీళ్ళ బస్తాలు చివరికి తోసేవాడు. మీ వంతు ఎన్నో రోజున వస్తుందో, రాకపోతే రోజుకు ఎంత తగ్గించి ఇస్తాడో ఒప్పందంలో రాయించుకోండి. మీ బస్తాల గది తాళం రెండో చెవి మీ మనిషి దగ్గర ఉండాలి.

ఏడు రోడ్లు:

ఆ కూలి ఒప్పందం ఏ భాషలో ఉంది? దళారి మీకు పంపినది ఇంగ్లీషు ప్రతి అయితే అది చదువుకోవడానికి మాత్రమే. బెనిన్‌లో కోర్టు చూసేది ఫ్రెంచి ప్రతినే. వివాదం వస్తే ఎక్కడ తేలుతుందన్న పేరా రెండు ప్రతుల్లోనూ ఒకేలా ఉందా చూడాలి. ఫ్రెంచి ప్రతి తెప్పించి పంపండి, విశాఖలో చదివి చెప్పేవారిని నేను చూస్తాను.

ఉద్దానం కుర్రాడు:

దళారి పంపినది ఇంగ్లీషు ప్రతే అండీ, నాలుగే పేజీలు. ఫ్రెంచి ప్రతి అడిగితే అది పదకొండు పేజీలని, సోమవారం పంపుతానని ఇప్పుడే జవాబు వచ్చింది.